పాడు పెట్టిన ఇల్లు

(హన్మకొండలో నెలకోసారి కలిసే సినిమా మిత్రుల దగ్గర ఒక ఆదివారం పొద్దున మాట్లాడింది. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ఆ ఫ్యాన్ ఒక్కటి కొంచెం తగ్గించండి, లేకపోతే వెనక కూర్చున్నవాళ్లకు నా మాటకంటే దాని చప్పుడే ఎక్కువ వినపడుతుంది. ఆ, ఇప్పుడు నయం.

ఏదైనా మంచి సినిమా మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను దయ్యాల సీరియల్ మీద మాట్లాడతా అంటే అవతల ఫోన్‌లో కాసేపు ఏ చప్పుడూ లేదు. జువాలజీ చెప్పే మేడంకు దయ్యాలేంది అనుకుని ఉంటారు. మా స్టాఫ్ రూంలో కూడా ఇదే మాట, ఒకప్పుడు పిల్లల ముందు కప్పను కోసి గుండె ఎక్కడుందో చూపించినదానివి నీకు ఈ పిచ్చేంది అని. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ నమ్మకం లేనంత మాత్రాన భయం లేదని కాదు, ఆ రెండూ వేరు వేరు డిపార్ట్‌మెంట్లు.

సీరియల్ పేరు ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’. నెట్‌ఫ్లిక్స్‌లో 2018 అక్టోబర్ 12న వచ్చింది, మొత్తం 10 ఎపిసోడ్లు, తీసినాయన మైక్ ఫ్లానగన్. ఇంకా చూడనివాళ్లు ఉంటే ముందే చెప్తున్నా, నేను కథ మొత్తం చెప్పేస్తా. దాచి దాచి మాట్లాడటం నాకు రాదు. కిందికి పోయి చాయ్ తాగి వస్తామన్నా నాకేం కోపం లేదు. (ఎవరూ లేవలేదు.)

సరే, అట్లయితే వినండి. ముందు మేం ఎట్లా చూశామో చెప్తా, ఎందుకంటే ఈ సీరియల్‌ను నేను ఒక్కదాన్నే చూసి ఉంటే ఇవాళ ఇక్కడ నిలబడి మాట్లాడేదాన్ని కాదు. మా అక్క కరీంనగర్‌లో ఉంటుంది, తమ్ముడు హైదరాబాద్‌లో, నేను ఇక్కడ సుబేదారిలో. 2020 లాక్‌డౌన్‌లో ఎవరం ఎక్కడికీ కదల్లేదు కదా. తమ్ముడికి రాత్రిళ్లు నిద్ర పట్టక దీన్ని మొదలుపెట్టాడు, ఒక్కడే చూడటానికి భయమేసి అక్కకూ నాకూ పాస్‌వర్డ్ పంపాడు. పొలం పంచుకునేటప్పుడు వాడు ఇంత ధారాళంగా లేడు. (నవ్వులు.) రాత్రి తొమ్మిదిన్నరకు ముగ్గురం మూడు ఊళ్లలో ఒకేసారి నొక్కేవాళ్లం, అయిపోయాక వాట్సాప్ కాల్. సీరియల్ గంట, దాని మీద ముచ్చట రెండు గంటలు అని మా ఆయన గొణుగుడు.

కథ ఏందంటే, క్రెయిన్ అని ఒక కుటుంబం. తండ్రి హ్యూ, తల్లి ఒలీవియా, ఐదుగురు పిల్లలు. పాత ఇళ్లు కొని, రిపేర్ చేయించి, లాభానికి అమ్మడం వీళ్ల పని. మన దగ్గర ప్లాట్లు కొని అమ్మినట్టే, కాకపోతే పని అయ్యేదాకా ఆ ఇంట్లోనే కాపురం ఉంటారు. 1992 ఎండాకాలంలో హిల్ హౌస్ అనే పెద్ద భవనం కొంటారు. ఒక రాత్రి తండ్రి పిల్లలను నిద్రలోంచి లేపి కారులో వేసుకుని పారిపోతాడు. తల్లి లోపలే ఉండిపోతుంది, తెల్లారేసరికి ఆమె లేదు. ఆ రాత్రి ఏం జరిగిందో ఆ తండ్రి పిల్లలకు చెప్పడు. వాళ్లు పెద్దయి, పెళ్లిళ్లయి, కొందరికి పిల్లలు పుట్టినా చెప్పడు.

ఇప్పుడు ఆ పిల్లలు. పెద్దోడు స్టీవెన్ దయ్యాల పుస్తకాలు రాసి బతుకుతుంటాడు, ఇంతా చేసి తాను ఒక్క దయ్యాన్నీ చూడలేదనుకుంటాడు, తోడబుట్టినవాళ్లు చూసినవాటినే రాసుకున్నాడు. రెండోది షర్లీ, శవాలను కడిగి, ముస్తాబు చేసి, అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్ నడుపుతుంది. మూడోది థియో, చిన్నపిల్లల సైకాలజిస్టు, చేతులకు ఎప్పుడూ గ్లౌజులు, ఎందుకంటే ఎవరిని ముట్టుకున్నా వాళ్ల లోపలిది ఈమెకు తెలిసిపోతుంది. తర్వాత కవలలు. లూక్ మత్తుకు బానిస. నెల్ గురించి తర్వాత చెప్తా, నా మాటలన్నీ చివరికి నెల్ దగ్గరికే వస్తాయి.

దీనికి మూలం షర్లీ జాక్సన్ అనే అమెరికా రచయిత్రి 1959లో రాసిన నవల. 1963లో ఒక సినిమా, 1999లో ఇంకొకటి వచ్చాయి. నవలలో ఈ కుటుంబం లేదు. ఒక ప్రొఫెసరు దయ్యాల మీద పరిశోధన కోసం ముక్కూ మొహం తెలియనివాళ్లను పిలిపించి ఆ ఇంట్లో ఉంచుతాడు, అంతే. ఫ్లానగన్ ఆ నవలలోంచి పేర్లు తీసుకుని, వాళ్లను ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లను చేశాడు, ఒక బిడ్డకు ఆ రచయిత్రి పేరే పెట్టాడు. నాకు నచ్చింది ఈ ఒక్క మార్పే. తెలియనివాళ్లు నలుగురు దయ్యాన్ని చూస్తే పొద్దున లేచి, నువ్వు చూసినవా అంటే నువ్వు చూసినవా అని అడుగుకుంటారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అడుగుకోరు. మీ ఇళ్లల్లో అడుగుకుంటారా?

ఐదుగురు పిల్లలూ దుఃఖానికి ఐదు దశలని ఒక లెక్క ఉంది, ఆ తీసినాయనే ఒప్పుకున్నాడు. పెద్దోడు ‘అట్లాంటిదేం జరగలేదు’ అనే రకం, తర్వాతిది కోపం, తర్వాత బేరం, తర్వాత దిగులు, చివరిది ఒప్పుకోవడం, పుట్టిన వరుసలోనే. ఈ లెక్క నాకు అంతగా ఎక్కలేదు. ఆ ఐదు దశల మాట మొదట చెప్పిన డాక్టరమ్మ కూబ్లర్-రాస్ 1969లో రాసింది, తమ చావు దగ్గరపడిన రోగులను చూసి రాసింది, పోయినవాళ్ల కోసం ఏడ్చేవాళ్లను చూసి కాదు. తర్వాత లోకమంతా దాన్ని అన్ని ఏడుపులకూ అంటించింది. మనుషుల ఏడుపు సిలబస్ ప్రకారం నడుస్తుందా చెప్పండి?

మన దగ్గర పాడుబడ్డ ఇల్లు అంటే గడీ, పాత దొరల ఇల్లు. జనగామ వైపు పోయినా, పరకాల వైపు పోయినా ఏదో ఒక ఊళ్లో గోడలకు రావి మొలిచి, గేటు తుప్పు పట్టి, లోపల మేకలు పండుకుని ఉన్న గడీ కనపడుతుంది. మా ఊరి గడీలో అమాస రాత్రి మూలుగు వినపడుతుందనేవాళ్లు. మా తాత మాత్రం, దయ్యాలు కాదు బిడ్డా, అండ్ల ఎంతమందిని గుంజకు కట్టేసి కొట్టిన్రో మీకేమెర్క అనేవాడు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు, అది మన జనగామ తాలూకా ముచ్చటే కదా. హిల్ హౌస్‌లో కూడా పాత యజమానులు ఇంకా తిరుగుతుంటారు. ఒక గోడ పగలగొడితే లోపల ఎముకలు బయటపడతాయి, తన చుట్టూ తానే ఇటుకలు పేర్చుకుని గోడలో ఉండిపోయిన మనిషివి. భయమే. కానీ నన్ను పట్టుకున్నది ఆ పాత దయ్యాలు కాదు.

ఆ కొట్లాట చూడండి. స్టీవెన్ పుస్తకం రాశాడన్నానా, దానికి డబ్బు బాగా వచ్చింది. అందరికీ వాటా ఇస్తానన్నాడు. షర్లీ ఛీ అంది, మా అమ్మ చావు మీద వచ్చిన పైసలు నాకొద్దంది. తీరా చూస్తే ఆమెకు తెలియకుండా ఆమె మొగుడు తీసుకున్నాడు, చెల్లె థియో కూడా తీసుకుంది. అది బయటపడే రోజు, ఇంట్లో శవం ఉన్న రోజు. ఇది అమెరికా ముచ్చటని ఎట్లా అనుకోవాలి? మన దగ్గర పెద్ద దినం రోజు భోజనాలు అయీ కాకముందే పట్టాదారు పాసుబుక్ ఎవరి దగ్గరున్నది అనే మాట రాదా?

ఆ రోజు జరిగేదంతా 6వ ఎపిసోడ్. మీరు 10 ఎపిసోడ్లు చూడకపోయినా ఇదొక్కటి చూడండి. అందరికంటే చిన్నది నెల్ పోయింది. అక్క నడిపే ఫ్యూనరల్ హోమ్‌లోనే పెట్టె మూత తెరిచి పెట్టారు. బయట గాలివాన. ఎన్నో ఏళ్ల తర్వాత తండ్రి తలుపు తీసుకుని లోపలికి వస్తాడు. ఎపిసోడ్‌లో ఎక్కువ భాగం ఐదే ఐదు పొడవైన షాట్లు, ఒకటైతే 17 నిమిషాలు. కెమెరా ఎక్కడా తెగదు, గదిలో ఇంకొక చుట్టం లాగా అందరి మధ్యలోంచి తిరుగుతుంటుంది. తండ్రి నిలబడి పిల్లలను చూస్తాడు. కెమెరా ఆయన చుట్టూ తిరిగి వచ్చేసరికి అక్కడ పెద్దవాళ్లు లేరు, చిన్నపిల్లలు నిలబడి ఉన్నారు. మళ్లీ ఒక చుట్టు, మళ్లీ పెద్దవాళ్లు. మాట లేదు, సంగీతం లేదు. మా అక్క అక్కడ ఆపి ఫోన్ చేసింది. బాపు మనల్ని గిట్లనే చూస్తడే, నాకు యాభై దగ్గర పడ్డా ‘ఇంత తిని పండుకో’ అంటడు అని.

తర్వాత తండ్రి ఒక వరండాలో నడుచుకుంటూ పోతాడు, పోతూ పోతూ నేరుగా పాత హిల్ హౌస్‌లోకి పోతాడు, కట్ లేదు. రెండు ఇళ్ల సెట్లూ పక్కపక్కన కట్టి మధ్యలో దారి పెట్టారు, వారాల తరబడి రిహార్సల్ చేశారు. ఆ పనితనం చూసి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది కానీ, అప్పటికే గొంతులో ఏదో అడ్డం పడి ఉంటుంది. ఇంకొకటి. వీళ్లు అరుచుకుంటుంటే వెనకాల ఒక మూల నెల్ నిలబడి ఉంటుంది, పెట్టెలో ఉన్న నెల్ కాదు. ఎవరూ చూడరు. నేనూ మొదటిసారి చూడలేదు, మా తమ్ముడు చూపించాడు. సీరియల్ నిండా ఇట్లాంటివే, మెట్ల వెనక ఒక మొహం, పియానో కింద ఒక చెయ్యి, మసక అద్దంలో ఒక ఆకారం, ఏ డప్పూ మోగించకుండా ఊరికే పెట్టి వదిలేశారు. రెండోసారి చూసేటప్పుడు పాజ్ కొట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాం, ఇరవై దాకా వచ్చాక నేను మానేశా, నిద్ర పట్టట్లేదని.

ఆ ఇంట్లో తాళం వేసిన గది ఒకటి ఉంటుంది, రెడ్ రూమ్. ఏ తాళంచెవితోనూ రాదు. మనవాళ్లయితే మేకులు కొట్టే పంతులును పిలిచేవాళ్లు, వీళ్లు రకరకాల తాళంచెవులు పెట్టి చూస్తుంటారు. చివర్లో తెలిసేదేందంటే, ఆ గదిలోకి అందరూ పోయారు. ఒకడు ఆడుకునే గది అనుకున్నాడు, ఒకడికి అది చెట్టుమీది గుడిసె, ఒకామెకు డాన్సు చేసుకునే గది, తల్లికి పుస్తకాలు చదువుకునే గది. ఒకే గది, ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగా తెరుచుకుంది. ఒకరితో ఒకరు ఒక్కసారి, నీ ఆటగది ఎక్కడుంది, కిటికీ ఎట్లుంది అని చెప్పుకుని ఉంటే ఒక పూటలో తెలిసిపోయేది. ఈ మాట మీద నేను తర్వాత వస్తా.

ఇప్పుడు నెల్. చిన్నప్పటి నుంచి ఆమెకు ఒక ఆకారం కనపడుతుంది, మెడ ఒక పక్కకు విరిగి వేలాడే ఆడమనిషి. రాత్రి మెలకువ వస్తుంది, కాలు కదలదు, చెయ్యి కదలదు, నోరు తెరుద్దామంటే రాదు, ఆ మనిషి మీదికి వంగి చూస్తుంటుంది. మీలో ఎంతమందికి ఇట్లా అయింది, చేతులెత్తండి. చూశారా, సగానికి సగం. మన దగ్గర దీన్ని దయ్యం ఎదమీద కూర్చుందంటారు. మా క్లాసులో నేను ఇట్లా చెప్తా. కలలు వచ్చే నిద్రలో మెదడు కండరాలకు కరెంటు తీసేస్తుంది, లేకపోతే కలలో పరుగెత్తే ప్రతివాడూ మంచం దిగి పరుగెత్తుతాడు. కళ్లు తిరుగుతుంటాయి, ఊపిరి ఆడుతుంది, మిగతాదంతా బంద్. ఒక్కోసారి మెలకువ ముందొచ్చేస్తుంది, కరెంటు ఇంకా ఇవ్వరు. కల ఇంకా అయిపోలేదు కాబట్టి గదిలో ఎవరో ఉన్నట్టే ఉంటుంది. నిద్ర సరిగా లేనప్పుడు, వెల్లకిలా పండుకున్నప్పుడు ఎక్కువ. సీరియల్‌లో కూడా నెల్‌కు ఈ మాటే చెప్తారు. చెప్పిన ఆ నిద్ర ల్యాబ్ అబ్బాయినే ఆమె పెళ్లి చేసుకుంటుంది. సైన్స్ వచ్చి అమ్మాయిని కాపాడిందని నేను సంతోషపడ్డా. తర్వాత అతనూ ఉన్నట్టుండి చచ్చిపోతాడు.

5వ ఎపిసోడ్ చివర నెల్ ఒక్కతే ఆ పాత ఇంటికి తిరిగి పోతుంది. అక్కడ చచ్చిపోయిన తల్లి కనపడుతుంది, మెడలో దండ వేసినట్టే వేసి ఉరి వేస్తుంది. పిల్ల కింద పడుతుంది, పడుతూ పడుతూ తన వెనకటి రోజుల్లోకి పడుతుంది, ఒక్కొక్క రాత్రి తన మంచం ముందు తానే ఆగుతుంది, మెడ విరిగి. చిన్నప్పటి నుంచి ఆమెను భయపెట్టిన ఆడమనిషి ఆమెనే.

ఆ రాత్రి కాల్ కలిపాం. ముగ్గురం ఎంతసేపటికీ మాట్లాడలేదు. అప్పుడు మా తమ్ముడు, నలభై దగ్గరికి వచ్చినోడు, ఇద్దరు పిల్లల తండ్రి, నేనొకటి చెప్త నవ్వొద్దు అన్నాడు. అవ్వ పోయినంక మన అర్రల లైటు జూసిన అన్నాడు.

ఇది మీకు చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మాది పరకాల దగ్గర ఒక ఊరు. గూన పెంకుల ఇల్లు, నడుమ భవంతి, అంటే మండువా, చుట్టూ సాయమాన్లు, పడమటి వైపు ఒక అర్ర, అంటే గది. అవ్వ అంటే మా అమ్మ, మేం అట్లనే పిలిచేవాళ్లం. 1989లో ఆమెకు తలనొప్పి మొదలైంది. తలకు తువ్వాల గట్టిగా బిగించి కట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది. గాలి సోకిందన్నారు, దండచేతికి అంత్రం, అంటే తాయెత్తు, కట్టించారు. సీరియల్‌లో ఒలీవియా కణతలు పట్టుకుని కూర్చున్న ప్రతిసారీ మా అక్క కాల్‌లో తక్కువ మాట్లాడేది, అప్పుడు నాకు అర్థం కాలేదు. కొన్ని నెలలకు అవ్వ పోయింది, ఆ పడమటి అర్రలోనే. అక్కకు 15, నాకు 11, తమ్ముడికి 7. పంతులు పంచాంగం చూసి ధనిష్ఠా పంచకం అన్నాడు, ఆరు నెలలు ఇల్లు పాడు పెట్టాలన్నాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా ఉన్న నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు మూసేయాలి, పొయ్యి ముట్టించొద్దు, దీపం పెట్టొద్దు. మా దర్వాజకు ముళ్లకంప అడ్డం పెట్టారు. మేం బాట అవతల మా కాక, అంటే చిన్నాయన, ఇంట్లో ఉన్నాం. కాక ఇంటి అరుగు మీంచి చూస్తే మా పడమటి అర్ర కిటికీ కనపడేది.

ఆ కిటికీలో వెలుతురు. ఎక్కబుడ్డి వెలుతురు, పసుపుగా, కొంచెం ఊగుతూ. నేను రెండుసార్లు చూశా. మా అక్క నాలుగైదుసార్లు చూసిందట. ఊళ్లో కూడా, పాడు పెట్టిన ఇంట్ల దీపం కనబడుతున్నది, ఆమె పోలేదు, అక్కడ్నే ఉన్నది అనుకున్నారు. మా ముగ్గురికీ ఒక్క చాప మీదనే పక్కలు, ఒక్క దుప్పటి, 31 ఏళ్లు ఆ ముచ్చట ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఎందుకు చెప్పలేదని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కొక్క కారణం. పిట్టకు పెట్టిన రోజు కాకి ముట్టలేదు, చాలాసేపు ముట్టలేదు. ఆమె మనసుల ఏదో ఉన్నది అని ఎవరో అన్నారు. అక్కేమో, అది తన మీద కోపమే అనుకుంది. ఆ పొద్దున బోరింగు కాడికి నీళ్లకు పొమ్మంటే పోనని మొండికేసిందట, అవ్వనే బిందె పట్టుకుపోయింది. నేనేమో నా మీద అనుకున్నా. ఎందుకంటే, ఇది నేను ఎక్కడా చెప్పలేదు, అవ్వ స్నానానికి పోయేటప్పుడు తీసి గూట్లో పెట్టిన అంత్రాన్ని నేను పిన్నీసుతో విప్పి చూశా. రాగి గొట్టం, లోపల ఏముందో అని. చుట్ట చుట్టిన కాగితం, కొంచెం బూడిద. మళ్లీ మూయబోతే సరిగా మూత పడలేదు. తర్వాత జీవితమంతా లోపల ఏముందో విప్పి చూసే పనే చేశా, జీతం తీసుకుని మరీ. కానీ పదకొండేళ్ల పిల్లకు అది హత్యే. రాత్రి కిటికీలో వెలుతురు కనపడితే అవ్వ ఆ గొట్టాన్ని వెతుక్కుంటుందనుకున్నా.

మా తమ్ముడిది మాత్రం వేరే. వాడికి భయం కాలేదట. అవ్వ అచ్చింది అనుకున్నాడు. నేను చెప్తే మంత్రగాన్ని తీసుకొచ్చి ఎల్లగొడ్తరు, అందుకే చెప్పలే అన్నాడు. సీరియల్ మొదటి ఎపిసోడ్‌లో స్టీవెన్ చెప్పే మాట ఒకటుంది, దయ్యం అంటే జ్ఞాపకం కావచ్చు, తప్పు చేశామన్న బాధ కావచ్చు, ఎక్కువసార్లు అది ఒక కోరిక అని. ఆ మాట విన్న రోజు నాకు రచయితల డాబులాగా అనిపించింది. తమ్ముడు ఈ మాట అన్నాక ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి పోయి నీళ్లు తాగి వచ్చా.

మిగతా ఐదు ఎపిసోడ్లు కూడా చూశాం. 8వ దాంట్లో కారులో అక్కాచెల్లెళ్లు కొట్లాడుకుంటుంటే వెనక సీట్లోంచి ఒక్కసారి నెల్ అరుస్తూ మధ్యలోకి వస్తుంది, నా చేతిలో పల్లీల గిన్నె ఎగిరి పోయింది, మా ఆయన ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. చివరి ఎపిసోడ్ నాకు నచ్చలేదు. ఆ ఇల్లు మనుషులను తింటుందని అన్ని ఎపిసోడ్లు చెప్పి, చివర్లో ఆ ఇంట్లో చచ్చిపోయినవాళ్లంతా హాయిగా కలిసి ఉంటారన్నట్టు మెత్తగా ముగించారు. అందరూ బాగుపడ్డారు, కేకు కోశారు. ఉడికిన అన్నంలో నీళ్లు పోసినట్టయింది. 2020లోనే ఇదే టీం తీసిన ఇంకొక సీరియల్ వచ్చింది, వేరే ఇల్లు, వేరే కథ, నటులు కొందరు వాళ్లే. దాని గురించి ఇంకెప్పుడైనా.

కాకపోతే ఆ తండ్రి మీద నాకు కోపం. 10 ఎపిసోడ్లూ కోపమే. పిల్లలను కాపాడుతున్నా అనుకుని నోరు మూసుకుని కూర్చుంటే, వాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క కథ అల్లుకుని దాంట్లోనే పెరిగారు కదా. ఒక్కమాట చెప్తే ఏం పోయేది?

లాక్‌డౌన్ సడలించాక ముగ్గురం ఊరికి పోయాం. బాపు ఆ ఇంట్లోనే ఉంటాడు, ఒక్కడే, రమ్మన్నా రాడు. పెంకులు తీసి రేకులు వేయించాడు, బాత్‌రూమ్ కట్టించాడు, పడమటి అర్ర మాత్రం అట్లనే ఉంది. రాత్రి అన్నాలు తిన్నాక భవంతిలో మంచాలు వేసుకుని కూర్చున్నాం. ఎవరు అడగాలి అని మేం ముగ్గురం మొహాలు చూసుకుంటుంటే తమ్ముడు సీరియల్ కథ చెప్పడం మొదలుపెట్టాడు, అట్లా అయితే తొందరగా అసలు మాటకు వస్తామని. అరగంట చెప్పాడు. బాపు చుట్ట ఆరిపోయినా మళ్లీ ముట్టించకుండా విన్నాడు. అప్పుడు తమ్ముడే, బాపూ, మనిల్లు పాడు పెట్టినప్పుడు అర్రల లైటు కనబడేది అన్నాడు.

నేనే పోయేటోన్ని, అన్నాడు బాపు.

అంతే, ఆ గొంతులో పెద్ద తేడా కూడా లేదు, మోటరు ఆన్ చేసి వచ్చినట్టు చెప్పాడు. మీరు పండుకున్నంక ఎనుక దొడ్డి గోడ దుంకి పోయేటోన్ని, ముందట కంప ఉండె గదా. ఆరు నెలలు దీపం పెట్టొద్దన్నరు. మీ అవ్వకు చీకటంటే భయం.

మా అక్క ఏడుపు మొదలుపెట్టింది. నేను మాత్రం, లెక్చరర్ బుద్ధి ఎక్కడికి పోతుంది, అసలు ఆమెకు ఏమైంది బాపూ అని అడిగా. పట్నంల పెద్ద డాక్టరుకు చూపెట్టిన, తలల గడ్డ ఉన్నదన్నడు, లాభం లేదన్నడు, మీ అవ్వనే పిల్లలకు చెప్పకు అన్నది అన్నాడు. ఆమెకూ తెలుసా? తెలుసట. తెలిసే అంత్రం కట్టించుకుందట, ఊళ్లోవాళ్లు అడుగుతుంటే చెప్పలేక. నాకు ఆ రాత్రి కూడా కోపమే వచ్చింది, ఇప్పటికీ ఉంది, అబద్ధం ఎందుకు. మూత పడని రాగి గొట్టాన్ని నేను 31 ఏళ్లు మోశా. కోపం ఉంది కానీ ఆ గోడ ఎంతెత్తు ఉంటుందో నేను చూసిన మనిషిని, పొద్దున లేచి పోయి మళ్లీ చూశా, నా తలకంటే ఎత్తుంది. ఎక్కబుడ్డి, గ్యాసునూనె సీసా, అగ్గిపెట్టె, ఇవన్నీ పట్టుకుని దాన్ని ఎట్లా దుంకేవాడో.

బాపు కాసేపు ఊరుకుని తమ్ముణ్ని అడిగాడు, గా సీరియల్ల ముసలాయన ఏమైండు మరి అని.

పిల్లలందర్నీ బయటకు పంపి, తను ఆమెతోని ఆ ఇంట్లనే ఉండిపోయిండు బాపూ, అన్నాడు తమ్ముడు.

మంచిగ జేసిండు, అని బీపీ గోలి వేసుకుని, కోళ్లను కమ్మింరా లేదా అని అడుగుకుంటూ దొడ్లోకి పోయాడు.